తరగతి పత్రిక తేవడం ఎలా: విషయం వెతకడం నుంచి మధ్య పిన్ను దాకా

పరీక్ష కాగితం మీద రాసింది ఒక్క టీచరే చదువుతారు. మార్కులు పడ్డాక దాన్ని మళ్ళీ తీసి బాగుచేయాల్సిన పని ఎవరికీ ఉండదు. పత్రికలో వేసింది అలా కాదు. అమ్మమ్మ చదువుతుంది, పక్క సెక్షన్ వాళ్ళు చదువుతారు, ఎవరి గురించి రాశారో వాళ్ళూ చదువుతారు. పేరు తప్పు పడితే నిలదీస్తారు. రాసిందాన్నే రెండోసారి, మూడోసారి రాయడానికి పిల్లలు మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఇలాంటి చోటే. తరగతి పత్రిక పెట్టుకోవాల్సింది ఈ తిరగరాత కోసం. రంగుల అట్ట, ఆవిష్కరణ సభ, ముఖ్య అతిథి ఫొటో లేకపోయినా పత్రిక నిలబడుతుంది. తిరగరాత లేకపోతే నిలబడదు.

ఇక్కడి లెక్కలన్నీ 40 మంది ఉన్న ఎనిమిదో, తొమ్మిదో తరగతికి వేసినవి. ఏ5 సైజు, అంటే ఏ4 కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చేది. లోపల 32 పేజీలు, విడిగా అట్ట, మొత్తం 60 ప్రతులు. వారానికి రెండు పీరియడ్లు చాలు.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

మొదలుపెట్టడానికి ఆగస్టు 29 మంచి రోజు. గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఎలాగూ బళ్ళో ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. విడుదలకు నవంబరు 14 పెట్టుకోండి. బాలల దినోత్సవం, పైగా ఆ రోజు మొదలై 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఈ రెండు తేదీల మధ్య సరిగ్గా 11 వారాలున్నాయి.

నవంబరు 14కి ప్రతులు చేతిలో ఉండాలంటే 10వ తేదీకి మడతలు, పిన్నులు అయిపోవాలి. 5వ తేదీకి పేజీలు షాపులో ఉండాలి. అక్టోబరు ఆఖరి వారం పూర్తిగా ప్రూఫులకు. టైపింగుకు అంతకు ముందు పది రోజులు. అంటే పిల్లలు తిరగరాసిన రెండో ప్రతులు అక్టోబరు 15 ప్రాంతానికి, మొదటిసారి రాసిన ప్రతులు దసరా సెలవులకు ముందు రావాలి. సెలవుల్లో పిల్లలు మొదటి ప్రతిలో తేలిన ఖాళీలు పూరించుకుంటారు: మళ్ళీ ఒకసారి మనిషిని కలవడం, పేరు సరిచూసుకోవడం, కొలత తీసుకోవడం. పరీక్షల వారం ఎప్పుడో ముందే తెలుసుకుని ఆ వారాన్ని ఖాళీగా వదిలేయండి. ఇంకో సంగతి: కార్తీకంలో పెళ్ళికార్డుల పనితో ప్రింటింగు షాపులు ఊపిరాడకుండా ఉంటాయి. విజయవాడ గవర్నరుపేటలో అయినా, గుంటూరు అరండల్‌పేటలో అయినా అక్టోబరులోనే వెళ్ళి ఫలానా తేదీకి పని తెస్తామని చెప్పి ఉంచండి.

ముందు ఒక పాత పత్రికను విప్పి చూడాలి

మొదటి వారం ఏమీ రాయించకండి. ఇళ్ళలో ఉన్న పాత వారపత్రికలు, మాసపత్రికలు తెమ్మనండి. గుంటూరు పిల్లలకు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం, విజయవాడ పిల్లలకు ఠాగూర్ గ్రంథాలయం దగ్గర. ఆరుగురికి ఒక పత్రిక ఇచ్చి మూడు పనులు చెప్పండి. ఒకటి, మధ్యలో పిన్ను వేసిన పత్రిక తీసుకుని పేజీలు లెక్కపెట్టడం. నాలుగుతో భాగిస్తే శేషం రాదు. ఎందుకు రాదో పిల్లలనే కనుక్కోమనండి. రెండు, పిన్నులు తీసి ఒకటో పేజీ ఉన్న కాగితం మీద ఇంకా ఏ పేజీలు ఉన్నాయో చూడటం. మూడు, తమకు నచ్చిన ఒక వ్యాసంలో పదాలు లెక్కపెట్టి, బొమ్మకూ శీర్షికకూ ఎంత చోటు పోయిందో స్కేలుతో కొలవడం. ఈ మూడో పని చేసిన పిల్లలు తరవాత “ఎన్ని పేజీలు రాయాలి టీచర్?” అని అడగరు, “ఎన్ని పదాలు?” అంటారు.

డమ్మీ

ఎనిమిది తెల్ల కాగితాలు మధ్యకు మడిచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, 1 నుంచి 32 దాకా నంబర్లు వేయండి. ప్రెస్సుల వాళ్ళు దీన్నే డమ్మీ అంటారు. ఇది తరగతి గోడకు వేలాడాలి. ఏ పేజీలో ఏముంటుందో పెన్సిలుతో రాయండి, ఎందుకంటే పది సార్లయినా మారుతుంది.

32 పేజీల్లో 40 మందికీ చోటు ఇలా దొరుకుతుంది. ఇద్దరిద్దరు కలిసి రాసే రెండు పేజీల వ్యాసాలు ఆరు: 12 పేజీలు, 12 మంది. ఒక్కొక్కరు రాసే ఒక పేజీ రచనలు పది: 10 పేజీలు, 10 మంది. పేజీకి మూడు చొప్పున చిన్న రచనలు పద్దెనిమిది: 6 పేజీలు, 18 మంది. మిగిలిన నాలుగు పేజీలు విషయసూచికకు, సంపాదకీయానికి, గళ్ళనుడికట్టు లాంటి ఒక ఆటకు, పత్రిక ఎవరు ఎలా చేశారో చెప్పే చివరి పేజీకి. 12 పాయింట్ల అక్షరాలతో ఏ5 పేజీలో సుమారు 180 పదాలు పడతాయి. శీర్షికకూ చిన్న బొమ్మకూ చోటు వదిలితే ఒక పేజీ రచన 140 పదాలు, రెండు పేజీల వ్యాసం 300, చిన్న రచన 40 నుంచి 50.

బాగా రాసేవాళ్ళకే పెద్ద వ్యాసాలు ఇవ్వడం సహజంగా జరిగిపోతుంది. అలా చేయకండి. 45 పదాల్లో ఒక విషయం చెప్పడం 300 పదాల్లో చెప్పడం కంటే కష్టం. బాగా రాసేవాళ్ళలో కొందరికి చిన్నవి ఇవ్వండి. జంటలు కట్టేటప్పుడు బాగా మాట్లాడే పిల్లను, బాగా రాసే పిల్లను కలపండి.

ఏం రాయాలి

స్వేచ్ఛగా రాయమంటే 40 మందిలో ముప్పై మంది “అమ్మ”, “స్నేహం”, “పర్యావరణ పరిరక్షణ” రాస్తారు. వాటిలో చాలావరకు ఫోనులో దొరికినవే. తప్పు పిల్లలది కాదు, అడిగిన తీరుది. విషయాన్ని ఒక స్థలానికి, ఒక మనిషికి, ఒక పనికి కట్టి అడగాలి. ఫోనులో జవాబు దొరకని ప్రశ్న ఇవ్వాలి.

“కొండపల్లి బొమ్మలు” అని ఇస్తే పాఠ్యపుస్తకం పేరా తిరిగి వస్తుంది. “కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మలో ఎన్ని ముక్కలు విడిగా చెక్కి అతికించారు?” అని ఇస్తే పిల్లలు వెళ్ళి అడగాల్సి వస్తుంది. తెల్లపొణికి కర్ర ఎందుకంత తేలిక, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తే ఎంతసేపు ఆరనివ్వాలి, తొండం ఎందుకు విడిగా చేస్తారు అనేవి అప్పుడు కాగితం మీదకు వస్తాయి. “ప్రకాశం బ్యారేజీ” అంటే 1957, 70 గేట్లు అనే రెండు అంకెలు మాత్రమే వస్తాయి. “గేట్లు ఎత్తిన రోజు సీతానగరం వైపు చేపలు అమ్మేవాళ్ళ పని ఏమవుతుంది?” అంటే వ్యాసం వస్తుంది. గుంటూరు పిల్లలకు మిర్చి యార్డును మొత్తంగా ఇవ్వకండి. తేజ, బాడిగ, 334 అనే రకాల కాయలను కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని ఎలా గుర్తుపడతారో ఒక్కటి అడిగి రాయమనండి. టిక్కీ (మిర్చి బస్తా) అనే మాట వాళ్ళ వ్యాసంలో పడిందంటే వాళ్ళు నిజంగా ఎవరితోనో మాట్లాడారన్నమాట. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేటప్పుడు ముందు ఏది, తరవాత ఏది. మంగళగిరి చీర అంచు నేసేటప్పుడు పోగు తెగితే ఏం చేస్తారు. గుంటూరు బ్రాడీపేటలో కొత్తవాళ్ళు లైన్లకూ అడ్డరోడ్లకూ మధ్య ఎందుకు తికమకపడతారు. ఇవన్నీ తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలిగినవే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన కుటుంబాల పిల్లలు విజయవాడ సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల బళ్ళలో ఉంటారు. ఆ విషయం రాయాలా వద్దా అన్నది ఆ పిల్లలే తేల్చుకోవాలి. రాస్తామంటే గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో కొలవడం, ముందుగా ఏ సామాను పైకి ఎక్కించారో అడగడం దగ్గర మొదలుపెట్టండి. “ఎలా అనిపించింది?” అనే ప్రశ్నతో మొదలైన వ్యాసాలు రెండు వాక్యాల్లో ఆగిపోతాయి.

మనిషిని కలిసే ముందు ఐదు ప్రశ్నలు కాగితం మీద ఉండాలి. అవును, కాదు అని జవాబు చెప్పగలిగినవి కొట్టేయండి. “ఈ పని కష్టమా బాబాయ్‌గారూ?” అంటే “కష్టమే నాయనా” అని ఆగిపోతారు. “పొద్దున రాగానే మొదట ఏం చేస్తారు?” అంటే చెబుతూ పోతారు. రికార్డు చేసుకోవాలంటే ముందు అనుమతి అడగాలి. పేరు వేయవచ్చా, ఫొటో వేయవచ్చా అనేది చివర్లో మళ్ళీ అడగాలి. ఒక మాట గట్టిగా చెప్పండి: వాళ్ళ మాటను బడి తెలుగులోకి మార్చకూడదు. “వాడిపోద్ది” అన్నావిడ పత్రికలో “వాడిపోవును” అనకూడదు. జవాబులు రాసుకున్న కాగితం పారేయకుండా మొదటి ప్రతికి పిన్ను చేయాలి.

పిల్లలు ఒంటరిగా వెళ్ళే పనులు పెట్టకండి. యార్డులు, వర్క్‌షాపులు, ఏటి ఒడ్డు అయితే పెద్దవాళ్ళు తోడు ఉండాల్సిందే.

తిరగరాత

మొదటి ప్రతి వచ్చాక ఎర్ర పెన్ను తీయకండి. అక్షరదోషాలు ఇప్పుడు దిద్దితే పిల్లలు వాటినే సరిచేసి తెస్తారు, రాత మారదు. మొదటి ప్రతికి ప్రశ్నలు మాత్రమే వేయాలి. అవి కూడా తోటి పిల్లలే వేస్తే మేలు. ప్రతి రచననూ ఇద్దరు చదువుతారు. ఒక్కొక్కరు మూడు ప్రశ్నలు రాస్తారు. “బాగుంది”, “ఇంకా బాగా రాయాలి” అని రాయకూడదు. ప్రశ్న గుర్తుతో ముగిసే వాక్యమే ఉండాలి.

ఒక ఉదాహరణ చూడండి. మొదటి ప్రతి ఇలా వచ్చింది అనుకుందాం:

“మా ఇంటి దగ్గర రైతుబజారు ఉంది. అక్కడ ఎన్నో రకాల తాజా కూరగాయలు దొరుకుతాయి. అమ్మేవాళ్ళు చాలా కష్టపడతారు. మనం వారిని గౌరవించాలి.”

దీనికి వచ్చే ప్రశ్నలు: ఏ రైతుబజారు? నువ్వు ఎవరి దగ్గర నిలబడ్డావు? ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయి? కష్టం అని నీకు ఎలా తెలిసింది? ఆవిడ ఏమంది? వీటికి జవాబులు తెచ్చుకుని రాసిన రెండో ప్రతి:

“పటమట రైతుబజారులో గోంగూర అమ్మే ఆవిడ కట్టల మీద తడిపిన గోనె కప్పి ఉంచింది. ఎవరైనా అడిగినప్పుడు అంచు మాత్రం ఎత్తి ఒక కట్ట లాగుతుంది. గోనె అంతా తీసేయొచ్చు కదా అంటే, ‘పదింటికల్లా ఆకు వాడిపోద్దమ్మా, అప్పుడు సగానికి అడుగుతారు’ అంది. తొమ్మిదిన్నరకు రెండోసారి నీళ్ళు చల్లింది.”

కష్టపడతారు, గౌరవించాలి అనే మాటలు రెండో ప్రతిలో లేవు. అవసరం కూడా లేదు. ఈ రెండు పేరాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి, తేడా ఏమిటో పిల్లల చేతనే చెప్పించండి. ఒక పీరియడు మొత్తం దీనికి పెట్టినా దండగ కాదు.

రెండో ప్రతి దగ్గర టీచరు చూడాల్సినవి కొన్నే. మొదటి రెండు వాక్యాలు తీసేస్తే నష్టమేమైనా ఉందా? చాలాసార్లు ఉండదు, తీసేయించండి. చివరి వాక్యం నీతి చెబుతోందా? తీసేయించండి. “ఎన్నో”, “చాలా”, “రకరకాల” ఉన్న చోట అంకె గానీ పేరు గానీ పెట్టగలరా? ఒక్క వాక్యంలో మూడు పనులు జరుగుతుంటే మూడు వాక్యాలు చేయించండి. మీరు సొంత వాక్యం మాత్రం రాసి ఇవ్వకండి. టీచరు చేయి పడిన వాక్యం పత్రికలో వెంటనే తెలిసిపోతుంది, ఆ రచన ఇక ఆ పిల్లది కాకుండా పోతుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో కొందరికి విషయం ఉంటుంది, తెలుగులో రాయడానికే చేయి సాగదు. వాళ్ళను ముందు జంటలోని రెండో పిల్లకు నోటితో చెప్పమనండి, లేదా ఫోనులో రికార్డు చేయమనండి. మాట్లాడింది విని రాసుకుంటే వాక్యం సహజంగా వస్తుంది. ఫోను విని టైపు చేసే సౌకర్యం కూడా పనికొస్తుంది గానీ, అందులో కామాలు, ఫుల్‌స్టాప్‌లు చాలాసార్లు రావు, ఇంటిపేర్లు, ఊరి పేర్లు తారుమారవుతాయి. మొత్తం మళ్ళీ చూసుకోవాలి.

కథలు, కవితలు వద్దని కాదు. ఒక పేజీ రచనల్లో మూడు, నాలుగు వాటికి వదలండి. కవితకు కూడా అదే ప్రశ్నల పద్ధతి.

ఎత్తిపోత రాతలు

నెట్ నుంచి దించింది గానీ, ఫోనులోని కృత్రిమ మేధ రాసి ఇచ్చింది గానీ పట్టుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. నోట్సు కాగితం, మొదటి ప్రతి, ప్రశ్నల కాగితం, రెండో ప్రతి ఈ నాలుగూ ఒక ఫైలులో ఉన్న రచననే అచ్చుకు తీసుకుంటామని మొదటి రోజే చెప్పండి. నాలుగూ తయారుచేసే కష్టం కంటే సొంతంగా రాయడమే తేలిక. పాత కథల్నీ, కవితల్నీ ఎత్తి వేయకూడదన్నది కూడా పిల్లలకు తెలియాలి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. అట్ట మీద సినిమా స్టిల్లు, గూగుల్లో దొరికిన బొమ్మ కూడా ఇదే కిందకి వస్తాయి. బొమ్మలు తరగతి పిల్లలే వేయాలి.

చేతిరాతా, టైపా

రెండూ బాగుంటాయి. లిఖిత పత్రికకు ఖర్చు తక్కువ, అందరి చేతిరాతా కనబడుతుంది. అలా చేస్తే పేజీలను ఏ4 మీద రాయించి, జెరాక్సులో 71 శాతానికి తగ్గిస్తే సరిగ్గా ఏ5 అవుతుంది. తగ్గిస్తే రాత కూడా చక్కగా కనిపిస్తుంది. నల్ల జెల్ పెన్నే వాడాలి. నీలం సిరా వెలిసిపోయినట్టు పడుతుంది, పెన్సిలు గీతలు సగం రానే రావు. బొమ్మలో నీడ కావాలంటే పెన్సిలుతో రుద్దకుండా నల్ల గీతలు దగ్గరదగ్గరగా గీయాలి. గీతల కాగితం బదులు తెల్ల కాగితం కింద గీతలు ముదురుగా గీసిన మరో కాగితం పెట్టి రాయండి. నాలుగు పక్కలా రెండు సెంటీమీటర్లు వదలకపోతే అంచు అక్షరాలు మిషను మింగేస్తుంది.

టైపు చేయిస్తే మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. డీటీపీ సెంటర్లలో, అంటే కంప్యూటరు మీద పేజీలు కట్టే షాపుల్లో, చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. మీరు ఫోనులోనో బడి కంప్యూటర్లోనో కొట్టేది యూనికోడ్. ఆ పాఠాన్ని నేరుగా అందులో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ మార్పిడిలో వత్తులు జారిపోతుంటాయి, ప్రూఫు మొదటి నుంచి చూడాల్సి వస్తుంది. కాబట్టి ఒకే దారి ఎంచుకోండి. డీటీపీ అయితే చేతిరాత ప్రతులే ఇచ్చి అక్కడే కొట్టించండి. సొంతంగా చేస్తే ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ రైటర్‌లో యూనికోడ్‌లో పూర్తిచేసి, పీడీఎఫ్ మాత్రమే షాపుకు ఇవ్వండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా కలిసి వెళుతుంది కాబట్టి అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా పేజీ చెదరదు.

ఫాంట్లలో మండలి, ఎన్‌టీఆర్ లాంటివి ఉచితం, పాఠానికి సరిపోతాయి. శీర్షికలకు రామభద్ర లాంటి లావు అక్షరం. పత్రిక మొత్తానికి రెండే ఫాంట్లు. పాఠం 12 పాయింట్లు, వరసల మధ్య ఎడం 17 పాయింట్లు. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. లిబ్రాఫీస్‌లో ఫార్మాట్ కింద క్యారెక్టర్ పెట్టె తెరిస్తే తెలుగు ఫాంటు, సైజు సీటీఎల్ అనే విడి గడిలో ఉంటాయి. అక్కడ మార్చకుండా పైనున్న ఇంగ్లిష్ గడిలో ఎన్నిసార్లు మార్చినా తెలుగు అక్షరం కదలదు. లోపలి అంచు, అంటే మడత వైపు 18 మిల్లీమీటర్లు, మిగతా మూడు పక్కలా 15.

ప్రూఫులు

ప్రూఫు కంప్యూటరు తెర మీద చూడకూడదు, కాగితం మీద చూడాలి. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు చేతిరాత ప్రతిని కామా, ఫుల్‌స్టాప్‌లతో సహా బయటికి చదువుతారు, రెండోవారు ప్రింటు మీద వేలు కదుపుతూ చూస్తారు. తమ రచనను తాము చూసుకోకూడదు, తప్పు ఉన్న చోట కూడా కన్ను ఒప్పునే చూస్తుంది. రెండో విడత ఆఖరి వరస నుంచి పైకి చదవాలి. అర్థం వెంట పరుగెత్తడం ఆగిపోతే అక్షరం కనబడుతుంది.

పిల్లల రాతల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే తప్పులను ఒక చార్టు మీద రాసి గోడకు పెట్టండి: విద్యార్ధి కాదు విద్యార్థి, అర్ధం కాదు అర్థం (సగం అయితే అర్ధమే), పధకం కాదు పథకం, భాద కాదు బాధ, భోదన కాదు బోధన, ఉద్ధేశం కాదు ఉద్దేశం, సాంప్రదాయం కాదు సంప్రదాయం. న, ణలూ ల, ళలూ విడిగా చూడటానికి ఒక జంటను పెట్టండి. యూనికోడ్‌లో ఇంకో చిక్కు ఉంది. “సాఫ్ట్‌వేర్” అని కొట్టబోతే “సాఫ్ట్వేర్” అని వత్తు కలిసిపోతుంది. పొల్లు తరవాత కలవకుండా ఆపే గుర్తును, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను, మధ్యలో పెట్టాలి. అది ఎక్కడుందో మీ కీబోర్డులో ముందే వెతికి పెట్టుకోండి.

పేర్లకు విడిగా మూడో విడత ఉండాలి. విషయసూచికలో పేరు, రచన కింద పేరు, చివరి పేజీలో పేరు, మూడూ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు వేయాలా, ఒక్క అక్షరమే వేయాలా అన్నది ఇంట్లో అడిగి రావాలి. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. ఫోను నంబర్లు, ఇంటి అడ్రసులు ఎక్కడా పడకూడదు.

అచ్చు లెక్క

32 పేజీలకు ఒక ప్రతికి 8 కాగితాలు, రెండు వైపులా 16 ప్రింట్లు. 60 ప్రతులకు 480 కాగితాలు, 960 ప్రింట్లు. షాపులో ఒక ప్రింటుకు ఎంత చెబితే దాన్ని 960తో గుణించండి. రూపాయిన్నర అంటే 1,440. కాగితం ధర అందులో కలిసిందో లేదో అడగండి. ఒక రీముకు 500 కాగితాలే. ఇరుక్కుపోయేవి, మసకగా పడేవి లెక్కేసుకుంటే ఇంకో యాభై విడిగా ఉండాలి. లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) తీసుకోండి. 70 అయితే వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. అట్టకు 200 జీఎస్ఎం కార్డు, 65 షీట్లు. అట్ట ఒక్కటి రంగుల్లో వేయించి, లోపల నలుపు ఉంచితే ఖర్చు అదుపులో ఉంటుంది. ప్రతులు వంద దాటితే రైసోగ్రాఫ్, అంటే స్టెన్సిల్‌తో ప్రతులు తీసే మిషను, ఉన్న షాపులో అడగండి. పేజీకి ఒక్కసారే ఒక మాస్టరు (స్టెన్సిల్) కట్ చేస్తారు కాబట్టి ప్రతులు పెరిగే కొద్దీ ఒక్కో ప్రతి ధర తగ్గుతుంది.

పేజీలు కాగితం మీద వరసగా రావు. మొదటి కాగితం ఒక వైపు ఎడమన 32, కుడిన 1. వెనక వైపు 2, 31. రెండో కాగితం 30, 3; వెనక 4, 29. అలా పోయి ఎనిమిదో కాగితం 18, 15. వెనక 16, 17. ఎక్కడ చూసినా పక్కపక్క పేజీలు కలిపితే 33 రావాలి. రాకపోతే అక్కడ తప్పు జరిగినట్టే. లిబ్రాఫీస్ ప్రింటు పెట్టెలో బ్రోషర్ అని, పీడీఎఫ్ తెరిచే అడోబీ రీడర్‌లో బుక్‌లెట్ అని ఉండే ఎంపిక ఈ అమరిక దానంతట అదే చేస్తుంది. రెండు వైపులా ప్రింటు ఇచ్చేటప్పుడు “చిన్న అంచు మీద తిప్పు” అనేదే ఎంచుకోవాలి. పొడుగు అంచు ఎంచుకుంటే వెనక పేజీలన్నీ తలకిందులుగా పడతాయి. అందుకని 60 ప్రతులకూ ఒకేసారి ఆర్డరివ్వకండి. ఒక్క ప్రతి తీయించి, షాపులోనే నిలబడి మడిచి, 1 నుంచి 32 దాకా తిప్పి చూసి, ఆ తరవాతే మిగతావి కానివ్వండి.

ఫొటోలు జెరాక్సులో నల్లముద్దలా పడతాయి. ముందే ఫోనులో వెలుతురు, కాంట్రాస్టు పెంచి, ఒక పేజీ ప్రింటు తీసి చూసుకోండి. ముఖం గుర్తుపట్టలేకపోతే ఫొటో మానేసి గీత బొమ్మ వేయించండి.

మడత, పిన్ను, కోత

ఎనిమిది కాగితాలూ కలిపి ఒకేసారి మడిస్తే మడత ఉబ్బుగా ఉంటుంది. నాలుగేసి మడిచి, స్టీలు స్కేలు అంచుతో గట్టిగా నొక్కి, ఒకదాంట్లో ఒకటి దూర్చండి. అట్ట కార్డును స్కేలు పెట్టి, రాయని బాల్‌పెన్ను మొనతో ఒక గీత నొక్కాక మడవాలి, లేకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగా కనబడుతుంది.

మామూలు స్టేప్లరు కాగితం మధ్య దాకా అందదు. పొడుగు చేయి ఉన్న స్టేప్లరు, 24/6 పిన్నులు కావాలి. తొమ్మిది పొరలను అవి తేలిగ్గా పడతాయి. లోపల కాళ్ళు సరిగ్గా మడత పడకపోతే పిల్లల వేళ్ళకు గుచ్చుకుంటాయి. పై అంచు నుంచి ఐదు సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కింది అంచు నుంచి ఐదు దగ్గర ఒకటి వేయండి. పిన్ను అట్ట వైపు నుంచి లోపలికి దిగాలి. ఆ స్టేప్లరు దొరక్కపోతే దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి గట్టి దారంతో కుట్టండి. మధ్య బెజ్జంలో మొదలుపెట్టి పైకి, కిందికి వెళ్ళి మళ్ళీ మధ్యలోనే ముడి.

పిన్ను వేశాక లోపలి కాగితాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. తప్పు కాదు, కాగితం మందం వల్ల అంతే. షాపులో కటింగు మిషను మీద తెరిచే వైపు మూడు మిల్లీమీటర్లు కోయించండి. 15 మిల్లీమీటర్ల అంచు వదలమన్నది ఇందుకే. పేజీ నంబర్లను అంచుకు ఆనించి పెట్టారో, కోతలో పోతాయి.

మడతలకు మనిషికి ఒక పని ఇచ్చి వరసగా కూర్చోబెట్టండి: పేర్చేవాళ్ళు, మడిచేవాళ్ళు, దూర్చేవాళ్ళు, పిన్ను వేసేవాళ్ళు, ఆఖర్న ప్రతి పత్రికనూ తిప్పి చూసేవాళ్ళు. ఆఖరి జంట బద్ధకిస్తే, రెండు 4వ పేజీలు ఉండి 9వ పేజీ లేని ప్రతి ఎవరి ఇంటికో వెళుతుంది.

పంపకం

నలభై ప్రతులు పిల్లలకు. మిగిలిన ఇరవైలో ముందుగా, ఎవరి గురించి రాశారో వాళ్ళందరికీ తలా ఒకటి. రాసిన పిల్లలే తీసుకెళ్ళి, ఆ పేజీ తెరిచి చేతికివ్వాలి. చదవడం రానివాళ్ళయితే కూర్చుని చదివి వినిపించాలి. బడి గ్రంథాలయానికి రెండు, దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వారోత్సవాల్లో ఒకటి. రెండు ప్రతులు ఎవరికీ ఇవ్వకుండా దాచండి.

అట్ట లోపలి వైపు “విద్యార్థుల రచనలు, అమ్మకానికి కాదు” అని ఉండాలి. సంచిక నెల, సంవత్సరం, తరగతి, సెక్షను, బడి పేరు, ఊరు కూడా అక్కడే. ఇవి మరచిపోయిన పత్రిక పదేళ్ళ తరవాత ఎవరి చేతిలో పడ్డా ఎప్పటిదో, ఎక్కడిదో తెలియదు.

మార్కులు ఇవ్వాల్సి వస్తే అచ్చయిన పేజీని చూసి ఇవ్వకండి. ఫైలు తెరిచి, మొదటి ప్రతికీ రెండో ప్రతికీ మధ్య ఏం మారిందో చూసి ఇవ్వండి. ఇతరుల రచనకు వేసిన ప్రశ్నలకు కూడా మార్కులుండాలి. ఫైళ్ళు, నలిగిపోయిన డమ్మీ, షాపు బిల్లు, ఏ పని ఏ తేదీకి నిజంగా అయిందో రాసిన కాగితం, అన్నీ ఒక సంచిలో పెట్టి జూన్‌లో వచ్చే తరగతికి అప్పజెప్పండి.